పుస్తకమునకు సిఫారసు

'సిఫారసు' అను మాట మనకు క్రొత్తది కాదు. ఫారసీలో పుట్టి, ఉర్దూ కచేరీలలో పెరిగి, తెలుగు ఇండ్లలో స్థిరపడిన మాట అది. కళాశాలలో సీటునకు సిఫారసు, చిన్న ఉద్యోగమునకు సిఫారసు, పెండ్లి సంబంధమునకు సిఫారసు. ఇన్ని సిఫారసులు ఎరిగిన మన సమాజములో పుస్తకమునకు సిఫారసు కోరి వచ్చువారు అరుదు. పదియేండ్లుగా తెలుగు బోధించుచున్న మా వద్దకు పరీక్షల ముందు "ఏ ప్రశ్నలు వస్తాయి సార్?" అని అడుగవచ్చినవారు వందలలో ఉందురు. "ఏ పుస్తకం చదవమంటారు సార్?" అని అడిగినవారిని వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. ఆ కొద్దిమందిలో ఒకరికి మేము చేసిన సిఫారసు తప్పినది. ఆ తప్పు వలన మేము నేర్చుకొన్న సంగతులను విద్యార్థుల ముందును, కళాశాల కమిటీ పెద్దల ముందును ఉంచుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మా తప్పు

కొన్ని సంవత్సరముల క్రిందట, ఇంటర్మీడియట్ వరకు ఉర్దూ మాధ్యమమున చదివి డిగ్రీలో చేరిన ఒక విద్యార్థిని తరగతి ముగిసిన పిమ్మట మా వద్దకు వచ్చి, "సార్, తెలుగు బాగా రావాలంటే ఏం చదవాలి?" అని అడిగినది. ఆ ప్రశ్నకు ఎంతో సంతోషించితిమి. సంతోషములో ఆలోచించుట మరచితిమి. మాకు ప్రాణప్రదమైన మనుచరిత్రమును, టీకా తాత్పర్యములతో కూడిన మా సొంత ప్రతిని, ఆమె చేతిలో ఉంచితిమి. అంతటితో ఆగక అల్లసాని పెద్దన కవితాధారను గూర్చి పావుగంట ఉపన్యసించితిమి. ఆమె పుస్తకమును రెండు చేతులతో అందుకొని తలయూపి వెళ్లినది.

పది దినములకు పుస్తకము తిరిగి వచ్చినది. మేము ఎప్పుడో ఏడవ పుటలో ఉంచిన కాగితపు ముక్క అచ్చటనే ఉన్నది. "చదివినావా అమ్మా?" అని అడిగితిమి. "చదివాను సార్" అని నేల చూపులు చూచినది. ఆ అబద్ధము ఆమెది కాదు, మాది. చదువలేకపోతినని చెప్పుటకు నోరు రానంత బరువును ఆ పుస్తకముపై మోపినవారము మేమే కదా! ఆ సంవత్సరమంతయు ఆమె మమ్ము మరియొక పుస్తకము అడుగలేదు.

మరుసటి యేట జరిగిన సంగతి మాకు తరువాత తెలిసినది. మా గ్రంథాలయములో ఒక అటెండరు ఉండెడివాడు. పదవ తరగతితో చదువు ఆపినవాడు. విద్యార్థులందరును ఆయనను చాచా అని పిలుతురు. విద్యార్థివేతనపు ప్రకటన చూచుటకు వచ్చిన ఆ అమ్మాయిని ఆయన ఉర్దూలో పలుకరించెను. ఆ మాటలను తెలుగులో ఇచ్చుచున్నాము.

"ఇంట్లో చదివేది నువ్వొక్కదానివేనా బేటీ?"

"నానీకి చదివి వినిపిస్తాను చాచా. ఆమెకు చూపు ఆనదు."

"ఏం వినిపిస్తావు?"

"ఉర్దూ పేపరు. అదొక్కటే ఇంటికి వస్తుంది."

అప్పుడు ఆయన బీరువా తెరచి ఒక సన్నని కథల సంపుటమును తీసి ఇచ్చెను. అది వేంపల్లె షరీఫ్ వ్రాసిన 'జుమ్మా'. "మన జిల్లా పిల్లగాడు రాసినాడు. చిన్న చిన్న కథలు. ఒకటి చదివి నానీకి చెప్పి చూడు. నచ్చకపోతే రేపే తెచ్చెయ్" అనెను. కడప జిల్లా వేంపల్లె నుండి వచ్చిన ఆ రచయితకు ఈ సంపుటమునకే 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారము లభించినది. కాని చాచా ఆ పురస్కారమును గూర్చి ఒక్క మాటయు చెప్పలేదు.

ఆ అమ్మాయి తెలుగులో చదివి, రాత్రి నానీకి ఉర్దూలో కథ చెప్పెడిది. నానీ నడుమ నడుమ ప్రశ్నలు వేసెడిది. వానికి సమాధానము చెప్పుటకై అమ్మాయి కథను మరల చదువవలసి వచ్చెడిది. మూడు వారములకు ఆమె మా గది గుమ్మము వద్ద నిలిచి, "సార్, ఇట్లాంటివి ఇంకా ఉన్నాయా?" అని అడిగినది. ఎం.ఏ. పట్టా గల మేము చేయలేని పనిని పదవ తరగతి చదివిన అటెండరు చేసెను. కారణము స్పష్టము. మేము పుస్తకమును గూర్చి ఆలోచించితిమి. ఆయన చదువరిని గూర్చి ఆలోచించెను.

మన దేశమున గ్రంథాలయ శాస్త్రమునకు పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన పంచసూత్రములలో రెండు ఈ విషయమునకే సంబంధించినవి. ప్రతి చదువరికిని తన పుస్తకము ఒకటి ఉండునని ఒకటి, ప్రతి పుస్తకమునకును తన చదువరి ఉండునని మరియొకటి. ఈ రెంటిని కలుపువాడే నిజమైన సిఫారసుదారు. మనుచరిత్రమునకు చదువరులు ఉన్నారు. ఆనాటికి ఆ అమ్మాయి వారిలో లేదు. అది మనుచరిత్రమునకు గాని, ఆ అమ్మాయికి గాని లోపము కాదు.

మంచి పుస్తకమనగా నేమి?

ఇట్లనిన "ఎవరికి నచ్చినది వారికి మంచిది, ఇక ఎంపిక యెందుకు?" అని కొందరు అడుగవచ్చును. అది సరియైన వాదము కాదు. ఆకలిగొన్నవానికి ఏది పెట్టినను తినును. అంతమాత్రమున అన్నియు అన్నము కావు. పుస్తకము మంచిదగుటకు రెండు వైపులనుండి పరీక్ష అవసరము. మొదటిది పుస్తకమును గూర్చినది. రచయితకు తాను వ్రాసిన విషయము తెలియునా? తెలిసినదానిని దాపరికము లేక చెప్పెనా? రెండవసారి చదివినప్పుడు మొదటిసారి కనబడనిది ఏదైన కనబడునా? రెండవది చదువరిని గూర్చినది. ఈ భాష అతనికి అందునా? ఇందలి జీవితములో అతడు కాలు మోపుటకు చోటున్నదా? ఇప్పుడు అతని మనస్సులో ఉన్న ప్రశ్నకు ఇది దగ్గరగా ఉన్నదా? రెండు పరీక్షలలోను నెగ్గిన పుస్తకమే ఆ వ్యక్తికి, ఆ కాలమునకు, మంచి పుస్తకము.

తగిన పుస్తకము దొరకక తానే వ్రాసిన తండ్రి కథ ఒకటి ఉర్దూ సాహిత్య చరిత్రలో కలదు. డిప్యూటీ నజీర్ అహ్మద్ తన కుమార్తెలు చదువుటకు తగిన పుస్తకము కనబడక, కొంచెము కొంచెముగా వ్రాసి వారికి ఇచ్చుచు వచ్చెను. అదియే 1869లో 'మిరాతుల్ ఉరూస్' అను పేర వెలువడినది. ఉర్దూ తొలి నవలగా పలువురు దానినే పేర్కొందురు. తెలుగున కందుకూరి వీరేశలింగము 'రాజశేఖర చరిత్రము'ను 1878లో తన వివేకవర్ధనిలో ప్రకటించుట ఆరంభించి 1880లో పుస్తకముగా వెలువరించెను. ఈ రెండు రచనలును ఇంటిలోని మనుష్యులకు అర్థమగు మాటలలో ఇంటి సంగతులను చెప్పుటకు పూనుకొన్నవే. మన రెండు భాషలలోను నవల తొలి అడుగులు వేసినప్పుడు దృష్టి చదువరిమీదనే నిలిచినదని మనము గుర్తుంచుకొనవలెను.

ఇచ్చట ఒక హెచ్చరిక. ప్రాచీనమైనదంతయు గొప్పదనియు, జనులు ఎగబడి చదువునదంతయు చెడ్డదనియు భావించుట పండితుల బలహీనత. వారపత్రికల ధారావాహికలతోను, డిటెక్టివ్ నవలలతోను చదువుట అలవడినవారు మనలో ఎందరో కలరు. వారిని పరిహసింపరాదు. కాని ఓనమాలు దిద్దినవాడు జీవితాంతము ఓనమాలే దిద్దుచు కూర్చుండుట కూడ తగదు. సిఫారసు చేయువాడు చదువరి నిలిచిన మెట్టునకు దిగి రావలెను. అచ్చటనుండి ఒక్క మెట్టు పైకి చూపవలెను. మేము పది మెట్ల పైనుండి పిలిచితిమి.

వెదకుట ఎట్లు?

మిత్రుడు గాని గురువు గాని చెప్పుటకు లేనప్పుడు విద్యార్థి తానే వెదకుకొనవలెను. దీనికి పది నిమిషముల పరీక్ష ఒకటి చాలును. ముందుగా లోపలి ముఖపత్రమును, దాని వెనుక పుటను చూడుడు. ఎప్పటి ముద్రణము? ఎన్నవ ముద్రణము? విజ్ఞాన శాస్త్ర గ్రంథమైనచో పాత ముద్రణము మోసగింపవచ్చును. కావ్యమైనచో పలుమారులు ముద్రింపబడుట చదువరులు విడువలేదనుటకు గుర్తు. పిమ్మట పీఠికలో రచయిత ఈ గ్రంథమును ఎవరికొరకు వ్రాసెనో చూడుడు. విషయసూచికను చదివి, మీకు కొంచెము తెలిసిన అధ్యాయమును ఒకదానిని ఎన్నుకొని నడుమనుండి రెండు పుటలు చదువుడు. తెలిసిన విషయములో తప్పులు వ్రాసినవానిని తెలియని విషయములో నమ్మజాలము.

అనువాదమైనచో ఇంకను జాగ్రత్త కావలెను. అనువాదకుని పేరు ఉన్నదా? మూలమునుండియే చేసెనా, లేక నడుమ హిందీ యో ఇంగ్లీషో దాటి వచ్చినదా? రెండు చేతులు మారిన పాలవలె రెండు భాషలు మారిన కథ పలుచనగును. ఈ విషయమున మన జిల్లాకే చెందిన రాచమల్లు రామచంద్రారెడ్డి వ్రాసిన 'అనువాద సమస్యలు' అను గ్రంథము చూడదగినది. 1988లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము వచ్చినది. ఉర్దూ, తెలుగు రెండును తెలిసిన మన విద్యార్థులకు ఆ గ్రంథము చేతిలో దీపము వంటిది.

రెండవ మార్గము గ్రంథాలయపు వరుస. పుస్తకపు వీపుమీది అంకెలను చూచి భయపడి ప్రక్కకు తొలగు విద్యార్థులను చూచుచున్నాము. అవి భయపెట్టు అంకెలు కావు. వీధి పేరు, ఇంటి నంబరు వంటివి. అమెరికా దేశస్థుడైన మెల్విల్ డ్యూయీ 1876లో ఏర్పరచిన దశాంశ పద్ధతిలో సాహిత్యమునకు 800 మొదలుకొని సంఖ్యలు కేటాయింపబడినవి. ఉర్దూ సాహిత్యము 891.439 వద్దను, తెలుగు సాహిత్యము 894.827 వద్దను ఉండును. ఈ సంఖ్యకు చివర 1 చేర్చిన తెలుగు కవిత్వము, 3 చేర్చిన తెలుగు కథ, నవల. ఇంతమాత్రము తెలిసినచో ఒక పుస్తకమునకై పోయినవాడు దాని ఇరుగుపొరుగును కూడ పలుకరించి రావచ్చును. మేము చదివిన మంచి పుస్తకములలో సగము వెదకబోయినవి కావు. వెదకబోయినదాని ప్రక్కన ఉన్నవి.

మూడవ మార్గము అన్నింటికన్న గొప్పది. ఒక పుస్తకము మరియొక పుస్తకమును చూపును. దీనికి దృష్టాంతము మన కడపలోనే కలదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో ఉద్యోగియై కడపకు వచ్చెను. ఫ్రెంచి మతాచార్యుడైన దుబాయ్ హిందువుల ఆచారములను గూర్చి వ్రాసిన గ్రంథమును చదువుచుండగా ఆయనకు వేమన పేరు కంటబడినది. ఆ ఒక్క పేరును పట్టుకొని వ్రాతప్రతులకై వెదకించి, ప్రతిని ప్రతితో పోల్చి, 1829లో 693 వేమన పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చొత్తించెను. 1839 నాటి ముద్రణములో ఆ సంఖ్య 1164 అయినది. పరదేశి వ్రాసిన పుస్తకములోని ఒక పేరు మన వేమనను అచ్చు యంత్రము వద్దకు చేర్చినది. ఆయన నివసించిన చోటనే జానమద్ది హనుమచ్ఛాస్త్రి కృషి వలన వెలసిన బ్రౌన్ గ్రంథాలయము నేటికిని నిలిచియున్నది. దాని ముందునుండి ప్రతిదినము పోవుచు ఒక్కసారియు లోనికి అడుగుపెట్టని విద్యార్థులు మనలో కలరని చెప్పుటకు చింతించుచున్నాము.

కావున చదువునప్పుడు ప్రక్కన ఒక చిన్న నోటుపుస్తకము ఉంచుకొనుడు. రచయిత పేర్కొన్న ఇతర గ్రంథముల పేర్లను వ్రాసికొనుడు. సంవత్సరము తిరుగునప్పటికి ఆ నోటుపుస్తకమే మీకు స్వంత గ్రంథసూచిక యగును.

నేడు చేతిలోని ఫోను కూడ ఒక బీరువా వంటిదే. ఇంటర్‌నెట్ ఆర్కైవ్‌లో పాత తెలుగు గ్రంథముల ప్రతిబింబములు వేలకొలది ఉన్నవి. 2013లో ఆరంభమైన రేఖ్తాలో ఉర్దూ కవిత్వమును ఉర్దూ, దేవనాగరి, రోమన్ లిపులలో చదువవచ్చును. పుస్తకము దొరకుట సులభమైన కొలది ఎన్నుకొనుట కష్టమగుచున్నది. అచ్చట కనబడు చుక్కల గుర్తులను, 'అద్భుతము' అను పొగడ్తలను చూచి మోసపోకుడు. ఎందుకు బాగున్నదో చెప్పని పొగడ్త సిఫారసు కానేరదు. తెలుగులో 'కితాబు' అనగా మెప్పు. ఉర్దూలో 'కితాబ్' అనగా పుస్తకము. మన కితాబు నిజమునకు బిరుదు అను అర్థము గల 'ఖితాబ్' నుండి వచ్చినది. పలుకుబడిలో ఒకటిగా వినబడినను రెండును వేరు వేరు మాటలు. పుస్తకమును చదువక కితాబునిచ్చుట నేడు పెరిగిపోయినది.

సిఫారసు చేయు విధము

మా తప్పు తరువాత మేము కొన్ని నియమములను పెట్టుకొంటిమి. మొదటిది, తాము పూర్తిగా చదువని పుస్తకమును సిఫారసు చేయరాదు. రెండవది, పుస్తకము పేరు చెప్పుటకు ముందు కనీసము మూడు ప్రశ్నలు అడుగవలెను: ఇంతకుముందు నీవు విడువక చదివినది ఏది? ఇంటిలో ఏ భాష మాట్లాడుదురు? చదువుటకు దినమునకు ఎంత సమయము దొరకును? మూడవది, పది పేర్ల జాబితా ఇయ్యక ఒక్క పుస్తకమును ఇయ్యవలెను. జాబితా విద్యార్థి జేబులో నలిగిపోవును. పుస్తకము చేతిలో బరువుగా ఉండి గుర్తుచేయుచుండును. నాల్గవది, ఆ పుస్తకములోని కష్టమును కూడ ముందుగా చెప్పవలెను. "మొదటి ముప్పది పుటలు నెమ్మదిగా నడచును, ఓర్చుకొనుము" అన్నచో చదువరి ఓర్చుకొనును. చెప్పకున్నచో తన తెలివి చాలలేదనుకొని సిగ్గుపడును. అయిదవది, చాచా చెప్పిన మాట. నచ్చకపోయినచో తిరిగి ఇచ్చివేయుటకు స్వేచ్ఛ ఉండవలెను. పుస్తకమును విడిచిపెట్టుట నేరము కాదు. చదివితినని అబద్ధమాడవలసి వచ్చుటయే దుఃఖకరము.

విద్యార్థులు కూడ ఒకరికొకరు ఈ విధముగనే సిఫారసు చేయవలెను. గురువు మాటకన్న స్నేహితుని మాటకు బలమెక్కువ. నెలకు ఒకసారి తరగతిలో అయిదు నిమిషములు చాలును. ఒక విద్యార్థి లేచి తాను చదివిన పుస్తకమును గూర్చి మూడు సంగతులు చెప్పవలెను: అందేమున్నది, తనకేది నచ్చినది, అది ఎవరికి నచ్చకపోవచ్చును. మూడవ సంగతి చెప్పగలవాడే ఆ పుస్తకమును బాగుగా చదివినవాడని మా అభిప్రాయము.

ఎదురెదురు బీరువాలు

మన గ్రంథాలయములో తెలుగు బీరువా ఒక గోడకును, ఉర్దూ బీరువా ఎదుటి గోడకును ఉన్నవి. తెలుగు విద్యార్థి అటు పోడు. ఉర్దూ విద్యార్థి ఇటు రాడు. డ్యూయీ పద్ధతిలో 890ల వరుసలో ఒకే వీధిలో ఉండవలసిన రెండు సాహిత్యములు మనవద్ద ఎదురెదురుగా నిలిచి, నడుమ బల్ల వేసికొని, పలుకరించుకొనక కూర్చున్నవి. చరిత్రలో ఇట్లు లేదు. గోలకొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షాకు అద్దంకి గంగాధరకవి 'తపతీ సంవరణోపాఖ్యానము'ను అంకితమిచ్చెను. తొలి అచ్చ తెలుగు కావ్యమైన పొన్నెగంటి తెలగనార్యుని 'యయాతి చరిత్రము' అమీన్ ఖానునకు అంకితమైనది. ఆ సుల్తాను తరువాత రాజ్యమునకు వచ్చిన మహమ్మద్ కులీ కుతుబ్ షా స్వయముగా దక్కనీ ఉర్దూలో గొప్ప కవి. తెలుగును పోషించిన దర్బారును, ఉర్దూను పెంచిన దర్బారును ఒక్కటియే.

కావున ఈ బీరువాల నడుమ నడచు పుస్తకములను కొన్నింటిని ఇచ్చట సిఫారసు చేయుచున్నాము. తెలుగు మాత్రమే చదువగలవారు ఉర్దూ కవిత్వపు రుచి చూడగోరినచో దాశరథి కృష్ణమాచార్యుల 'గాలిబ్ గీతాలు'తో ఆరంభింపవచ్చును. గజలును తెలుగు గేయముగా మార్చుటలో కొంత పోవును. పోగా మిగిలినదే తొలి పరిచయమునకు చాలును. పిఠాపురమునకు చెందిన ఉమర్ అలీషా (1885–1945) ఉమర్ ఖయ్యామును తెలుగు పద్యములలోనికి తెచ్చిన కవి. ముసల్మాను ఇంటిలో తెలుగు పద్యము పరాయిది కాదనుటకు ఆయన జీవితమే సాక్ష్యము. ఆదిలాబాదు జిల్లాకు చెందిన సామల సదాశివ ఉర్దూ, ఫారసీ సాహిత్యములను గూర్చి తెలుగువారితో ముచ్చటించినట్లు వ్రాసెను. ఆయన సంగీత వ్యాసముల సంపుటి 'స్వరలయలు'కు 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము వచ్చినది. ఆయన వచనము చదువుటకు పాండిత్యము అక్కరలేదు. చెవి ఉన్న చాలును.

ఉర్దూ మాధ్యమమునుండి వచ్చి తెలుగు నేర్చుకొనుచున్నవారు మొదట చిన్న కథలను పట్టుకొనవలెను. 'జుమ్మా' తరువాత 'కేతు విశ్వనాథరెడ్డి కథలు' మంచి రెండవ మెట్టు. 1996లో అకాడమీ పురస్కారము పొందిన ఈ సంపుటములో మన రాయలసీమ నేల, కరవు, పల్లె మనుష్యులు కనబడుదురు. తమ ఇంటి కథతో మొదలైన చదువు ప్రక్క ఇంటికి, ప్రక్క ఊరికి, పిమ్మట దూరదేశములకు పోవలెను. తన వారిని గూర్చిన పుస్తకములు మాత్రమే చదువువాడు గుమ్మములోనే నిలిచిపోయినవాడు. గుమ్మము దాటక బజారునకు పోలేము గనుక మొదటి అడుగు అచ్చటనే వేయవలెను. కాని అచ్చటనే కూర్చుండరాదు.

చరిత్రయందు ఆసక్తి గలవారికి సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. రాజుల యుద్ధములకన్న జనుల తిండి, బట్ట, ఆటపాటలను ఎక్కువగా చెప్పు ఈ గ్రంథము 1955లో తెలుగునకు తొలి అకాడమీ పురస్కారమును తెచ్చినది. ఇదే రచయిత, తెలంగాణములో తెలుగు కవులు లేరన్న మాటకు సమాధానముగా, 354 మంది కవులతో 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను ప్రకటించెను. వెదకనివానికి ఏమియు కనబడదు. వెదకినవానికి మూడువందల ఏబది నలుగురు కనబడిరి.

కమిటీ పెద్దలకు మనవి

ఇంతవరకు విద్యార్థులతో మాటాడితిమి. ఇక కళాశాల కమిటీ పెద్దలకు వినయపూర్వకముగా నాలుగు మాటలు. మన కళాశాలకు పుస్తకములు లేవని మేము అనము. ఉన్న పుస్తకములు తాళము లోపల ఉన్నవి. అద్దము వెనుక కనబడు వీపులను చూచి ఏ విద్యార్థియు పుస్తకమును ఎన్నుకొనలేడు. పది నిమిషముల పరీక్షకు పుస్తకము చేతికి రావలెను. కొన్ని పుస్తకములు పోవునను భయము సహజమే. పోయిన పుస్తకమును ఎవరో ఒకరు చదువుదురు. తాళములోని పుస్తకమును చెదలు మాత్రమే చదువును. అన్నింటిని కాకున్నను కథలు, నవలలు, జీవిత చరిత్రలు గల రెండు బీరువాలనైనను తెరచి ఉంచుడని మనవి.

రెండవది, సంవత్సరాంతమున నిధులు మురిగిపోవునను తొందరలో, తగ్గింపు శాతమును చూచి కట్టలుగా కొనుట వలన ఎవరును చదువని ప్రతులు చేరుచున్నవి. గ్రంథాలయములో ఒక సిఫారసుల రిజిస్టరు ఉంచి, అందు విద్యార్థులును, ఉపన్యాసకులును కారణముతో సహా వ్రాసిన పేర్లనుండి సగమైనను కొనిన, కొన్నవి చదువబడును. మూడవది, విద్యార్థినులలో పలువురు చివరి గంట కాగానే బస్సునకు పరుగెత్తవలసినవారు. గ్రంథాలయము తెరచు వేళ ఆ చివరి గంట తరువాతనే అయినచో అది వారికి లేనట్లే. మధ్యాహ్న విరామమున అరగంట తెరచి ఉంచుటకు ఖర్చు లేదు. నాల్గవది, పుస్తకమును అందించువాడు కేవలము తాళపుచెవి మోయువాడు కాడు. చాచా పదవీవిరమణ చేసినాడు. ఆ స్థానములో నియమింపబడువారు చదువుటయందు ఆసక్తి గలవారై ఉండవలెనని కోరుచున్నాము.

ముగింపు

ఆ అమ్మాయి డిగ్రీ పూర్తిచేసి వెళ్లినది. వెళ్లుటకు ముందు మాకు ఒక పుస్తకము సిఫారసు చేసినది. తన నానీ చిన్ననాట విని మరువని ఉర్దూ కథల పుస్తకమది. "మీకు ఉర్దూ చదవడం నెమ్మది కదా సార్, మొదటి కథ వదిలి రెండో కథతో మొదలుపెట్టండి" అని కూడ చెప్పినది. మేము ఆమెకు చేయవలసియుండి చేయని పనిని ఆమె మాకు చేసినది: ఎవరికి ఇచ్చుచున్నదో చూచి ఇచ్చినది. ఆ పుస్తకమును రెండవ కథతోనే మొదలుపెట్టి చదివితిమి.

మా మనుచరిత్రము మా బీరువాలోనే ఉన్నది. ఏడవ పుటలోని కాగితపు ముక్కను మాత్రము తీసివేసితిమి. దానికి చదువరి వచ్చును. వచ్చినవానిని ముందుగా మూడు ప్రశ్నలు అడిగి, ఆ పిమ్మటనే ఇత్తుము.